సిలువ జీవితం అంటే కష్టాలు కొనితెచ్చుకోవడమా? మీ అమ్మగారికి ఇది చదివి వినిపించు

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిగ్రీ అయిపోయిన మీ చెల్లి సిస్టర్స్‌లో చేరి మిషన్‌కు వెళ్తానంటోంది. పోయిన ఆదివారం పూజలో ఫాదర్ గారు "మిషనరీ జీవితం అంటే సిలువ జీవితం" అని ప్రసంగం చెప్పినప్పటి నుంచి మీ అమ్మగారికి అన్నం సయించడం లేదు. కష్టపడటానికేనా పిల్లని కని పెంచింది, సేవే చేయాలనుకుంటే నర్సు ఉద్యోగం చేసుకుంటూ చేయకూడదా, అసలు సేవకీ సిలువకీ ఏమిటి సంబంధం అని అడిగావు. నేను మఠంలో చేరి 40 ఏళ్ళు దాటింది. నర్సుని. కొన్నేళ్ళు గోదావరి అవతల ఏజెన్సీ పల్లెల్లో డిస్పెన్సరీ నడిపాను, ఆ తర్వాత చాలాకాలం కుష్ఠు రోగుల ఆశ్రమంలో ఉన్నాను. పుస్తకంలో ఉన్నది కాకుండా నాకు తెలిసినంతలో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు అసలు మాట చెప్పేస్తాను. సిలువ అంటే బాధ కాదు. బాధపడుతున్న మనిషిని వదిలిపెట్టి వెళ్ళకపోవడం. అలా వెళ్ళకుండా ఉండిపోయినందుకు మన మీద ఏది పడుతుందో అది మోయడం. క్రీస్తు ప్రభువు బాధని ప్రేమించి సిలువ ఎక్కలేదు. మనుషుల్ని ప్రేమించాడు, పేదవాడి పక్షాన నిలబడ్డాడు, ఎవరు బెదిరించినా వెనక్కి పోలేదు, దానికి ఆ రోజుల్లో పెద్దవాళ్ళు వేసిన శిక్ష అది. గెత్సెమనె తోటలో ఆయన ఈ పాత్ర నా నుంచి తప్పించమని తండ్రిని అడిగాడు కదా. బాధ వద్దనే అన్నాడు. కానీ దాన్ని తప్పించుకోవడానికి మనుషుల్ని వదిలేయాల్సి వస్తే మాత్రం వదలనన్నాడు. ఈ తేడా అర్థం కాకపోతే సిలువ మార్గం (ప్రభువు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ చేసే ప్రార్థన) 14 స్థలాలూ కేవలం ఏడుపులాగే కనిపిస్తాయి.

ఇది నాకు ఎక్కడ అర్థమైందో చెప్తాను. కుష్ఠు వ్యాధిలో వేళ్ళు వాటంతట అవి రాలిపోతాయని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. నరాలు దెబ్బతిని చేతులకీ కాళ్ళకీ స్పర్శ పోతుంది. వేడి గ్లాసు పట్టుకున్నా తెలియదు, కాలికి ముల్లు దిగినా తెలియదు. నొప్పి లేదు కాబట్టి అదే కాలితో నడుస్తూనే ఉంటారు, లోపల చీము పడుతుంది, ఎముక దాకా పోతుంది. 1980లలో మూడు మందుల వైద్యం వచ్చాక రోగం ఆరు నెలలకో ఏడాదికో నయమవుతోంది, కానీ పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. అందుకని రోజూ పొద్దున్నే మా పని ఒకటే. ప్లాస్టిక్ బేసిన్లలో నీళ్ళు పోసి వాళ్ళ కాళ్ళు అరగంట నానబెట్టాలి, గరుకు రాయితో కాయకట్టిన తోలు మెల్లగా అరగదీయాలి, పుండు చుట్టూ శుభ్రం చేసి కట్టు కట్టాలి, మిగతా పాదానికి నూనె రాయాలి, మెత్తటి రబ్బరు అడుగున్న చెప్పులు తొడిగించి అప్పుడు పంపాలి. మర్నాడు మళ్ళీ ఇదే.

మొదటి మాటపట్టు, అంటే సిస్టర్‌గా బతుకుతానని దేవుడికి మాట ఇచ్చే రోజున మెడలో వేసిన సిలువ ఒకటి నాకుంది, మీ చెల్లికీ వేస్తారు. కాళ్ళ మీదికి వంగినప్పుడల్లా అది జారి బేసిన్‌లో నీళ్ళకు తగిలేది. పుండు కడిగిన నీళ్ళు కదా, మైల అని నేను దాన్ని తీసి చీర లోపలికి దోపుకునేదాన్ని. అక్కడ ఒక ముసలాయన ఉండేవాడు, హిందువు, పదేళ్ళుగా ఊరి ముఖం చూడనివాడు. ఒకరోజు నేను అలా దోపుకుంటుంటే చూసి, "ఆయన్ని ఎందుకు దాస్తావమ్మా, ఆయన కాళ్ళకీ పుండ్లే కదా" అన్నాడు. నేను ఆ సిలువని రోజూ ముద్దుపెట్టుకుని మెడలో వేసుకునేదాన్ని, దాని మీద ఉన్న పాదాల వంక మాత్రం అప్పటిదాకా సరిగ్గా చూడలేదు. ఆ తర్వాత ఎప్పుడూ లోపలికి దోపుకోలేదు. సాయంత్రం స్పిరిట్‌తో తుడుచుకునేదాన్ని, అంతే.

నర్సు ఉద్యోగం చేస్తూ సేవ చేయకూడదా అన్నావు. తప్పకుండా చేయొచ్చు. మా ఆసుపత్రిలో నాకంటే ఓపికగా చూసుకున్న నర్సమ్మలు ఉన్నారు, ఇద్దరు పిల్లల్ని బడికి పంపి, నైట్ డ్యూటీ చేసి, జీతంలోంచి రోగికి పాలు కొనిపెట్టినవాళ్ళు. వాళ్ళది తక్కువ సేవ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సిస్టర్స్ జీవితంలో వేరుగా ఉన్నది ఒకటే, పంపబడటం. మిషన్ అనే మాటకు అర్థమే అది. ఎక్కడికి పంపితే అక్కడికి, ఎవరూ వెళ్ళని చోటికి, వెళ్ళి ఆ మనుషుల్లో ఒకరై ఉండిపోవడానికి ఒప్పుకోవడం. పెళ్ళి, ఆస్తి వద్దనుకోవడం కూడా అందుకే, ట్రంకు పెట్టె సర్దుకుని రేపే బయలుదేరమన్నా బయలుదేరగలగాలి. నా అనుభవంలో అన్నిటికంటే బరువైనది జ్వరాలూ కాదు, తిండీ కాదు. బదిలీ. ఏజెన్సీలో ఆరేళ్ళుండి కోయ భాషలో జోకులకు నవ్వగలిగేంత వచ్చాక, నా చేతుల మీద పుట్టిన పిల్లలు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, ఒక ఉత్తరం వచ్చింది, వేరే చోటికి వెళ్ళమని. ఆ రాత్రి నేను ఏడ్చినంత మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఫాదర్ డామియన్ గారి గురించి మీ అమ్మగారు వినే ఉంటారు. బెల్జియం దేశస్థుడు. నిజానికి హవాయి దీవులకు వెళ్ళాల్సింది ఆయన అన్నగారు, ఆయన జబ్బుపడటంతో తమ్ముడు నేను వెళ్తానని బయలుదేరి 1864లో అక్కడికి చేరాడు. 1873 మే 10న, 33 ఏళ్ళ వయసులో, మొలొకాయి దీవిలో కుష్ఠు రోగుల్ని తెచ్చి వదిలేసిన చోటికి చేరాడు. ఇళ్ళు కట్టాడు, నీళ్ళ గొట్టాలు వేయించాడు, పుండ్లకు కట్లు కట్టాడు, శవపేటికలు చేసి గోతులు తవ్వాడు. ఇదంతా అందరికీ తెలిసిన కథే. నన్ను పట్టేసింది ఇంకొకటి. వెళ్ళిన ఆరు నెలలకే అన్నగారికి రాసిన ఉత్తరంలో, ప్రసంగంలో నేను సోదరులారా అనను, కుష్ఠు రోగులమైన మనం అంటాను అని రాశాడు. అప్పటికి ఆయనకు రోగం లేదు! 1884లో ఒకసారి కాలు మరిగే నీళ్ళలో పెట్టి, బొబ్బలెక్కినా నొప్పి తెలియకపోయేసరికి తనకూ అంటుకుందని అర్థమైంది. అంటే మనం అన్న మాట ముందు, రోగం పదేళ్ళు దాటాక. ఆయన సిలువ రోగంతో మొదలైందని జనం అనుకుంటారు, ఆ మాటతోనే మొదలైందని నేను అనుకుంటాను.

ఆయన రోగం కోసం ఎదురుచూడలేదని కూడా గుర్తుపెట్టుకో. ఎక్కువ బాధపడింది ఒంటరితనంతో. ఒకసారి ఆయన పెద్దలు ఓడలో వస్తే దిగనివ్వలేదు, ఈయన్ని ఓడ ఎక్కనివ్వలేదు. పడవలో నిలబడి, ఓడ మీద అందరూ వింటుండగా, కేక వేసి పాపసంకీర్తనం చేశాడు, అంటే తన పాపాలు ఒప్పుకున్నాడు. 1889 ఏప్రిల్ 15న చనిపోయాడు, 49 ఏళ్ళు. 2009లో పునీతుల పట్టం ఇచ్చారు. ఆయన చివరి రోజుల్లో సిస్టర్ మరియన్ కోప్ గారు అక్కడికి వెళ్ళారు, ఆమె శుభ్రత విషయంలో చాలా గట్టి మనిషి, చేతులు కడుక్కోకుండా ఏదీ ముట్టనిచ్చేవారు కాదు. ఆమెకు గానీ ఆమెతో ఉన్న సిస్టర్స్‌కు గానీ రోగం రాలేదు. ఆమె కూడా పునీతురాలే. జాగ్రత్త పడితే సిలువ మోయనట్టు కాదు, ఇది మీ అమ్మగారికి తప్పకుండా చెప్పు.

మన దగ్గరి మనిషి కావాలంటే గుంటూరులోనే ఒకరు ఉండేవారు. డాక్టర్ మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియాలో 1887లో పుట్టారు, ఆడపిల్లలు డాక్టరు చదవడమే అరుదైన రోజుల్లో మెల్‌బోర్న్‌లో చదివారు, 1919లో ప్రసూతి, కంటి వైద్యాల్లో ఎం.డి. చేశారు. హాయిగా పేరున్న డాక్టరుగా స్థిరపడిపోవచ్చు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1915లో, ఒక చిన్న కరపత్రం చదివారు. ఇండియాలో ఆడవాళ్ళు మగ డాక్టరు దగ్గరికి పోలేక కాన్పుల్లో చనిపోతున్నారని. 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) సిస్టర్స్‌లో చేరారు. ఇక్కడ ఒక చిక్కు ఉండేది, ఆ రోజుల్లో మఠకన్యలు వైద్యం చేయడానికి, ముఖ్యంగా కాన్పులు చేయడానికి శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం ఒప్పుకునేది కాదు. ఆమెకు 15వ బెనెడిక్ట్ పోపుగారు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. ఆ అడ్డు అందరికీ తొలగింది 1936లో. ఆమె పల్లెలు తిరిగారు, ఇక్కడి ఆడపిల్లలకే మందులు కలపడం, నర్సు పని, మంత్రసాని పని నేర్పారు. 1943లో క్యాథలిక్ ఆసుపత్రులన్నిటినీ ఒకచోట చేర్చే సంఘం పెట్టారు, ఈరోజు దాని ఆఫీసు సికింద్రాబాద్‌లో ఉంది. క్యాథలిక్ మెడికల్ కాలేజీ ఒకటి రావాలని కోరుకున్నారు, ఆమె క్యాన్సర్‌తో 1957లో బెంగళూరులో పోయారు, కాలేజీ అదే బెంగళూరులో 1963లో వచ్చింది. చూడకుండానే వెళ్ళిపోయారు. విత్తనం వేసినవాళ్ళకు పంట కంటపడకపోవడం మిషన్ పనిలో మామూలు విషయం, అది కూడా ఒక బరువే.

రాణి మరియ గారి సంగతి మాత్రం చెప్పడానికి నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కేరళ సిస్టర్, మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర ఉదయ్‌నగర్‌లో ఆదివాసీ రైతుల్ని వడ్డీ వ్యాపారుల పట్టు నుంచి విడిపించడానికి పని చేశారు. 1995 ఫిబ్రవరి 25న బస్సులో వెళ్తుంటే పొడిచి చంపేశారు. ఆమె సొంత చెల్లెలు సెల్మి పాల్ గారు కూడా అదే సభలో, అంటే అదే సిస్టర్స్ సంఘంలో సిస్టర్. ఆ చెల్లెలు జైలుకు వెళ్ళి చంపినవాడికి రాఖీ కట్టారు. విడుదలయ్యాక అతను కేరళలో వాళ్ళింటికి వెళ్తే, తల్లి అతని చేతులు ముద్దుపెట్టుకున్నారు. 2017లో రాణి మరియ గారికి ఇండోర్‌లో ధన్యత పట్టం (పునీతుల పట్టానికి ముందు మెట్టు) ఇచ్చినప్పుడు అతను కూడా ఆ జనంలో ఉన్నాడు. చనిపోవడమే సిలువ అనుకుంటే ఆమె ఒక్కరిదే సిలువ అవుతుంది. ఆ తల్లి చేసింది చూశాక నేను అలా అనుకోలేను.

ఇప్పుడు ఏది సిలువ కాదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మాటతో మేమే చాలా తప్పులు చేశాం. ఏజెన్సీలో ఉన్నప్పుడు వరుసగా రెండేళ్ళు మలేరియా పట్టి పీడించింది. సెలవు అడిగితే అప్పటి పెద్ద సిస్టర్ "సిలువ అనుకుని మోయమ్మా" అన్నారు. మోశాను. ఒకరోజు ఇంజెక్షన్ వేస్తూ వేస్తూ కూలిపోయాను, నా చేతిలో ఉన్న సూది ఆ పసిబిడ్డకి ఎక్కడ గుచ్చుకునేదో తలుచుకుంటే ఇప్పటికీ వణుకు. ఆ తర్వాత వచ్చిన పెద్ద సిస్టర్ ఆ డిస్పెన్సరీకి ముగ్గుర్ని వేశారు, ఏడాదికి ఒక నెల విశ్రాంతి తప్పనిసరి చేశారు. మందు ఉన్న జ్వరం సిలువ కాదు. పంచుకుంటే తగ్గే పని సిలువ కాదు.

ఇంకొకటి నా తప్పే. కొత్తలో ఒకామె వచ్చేది, భర్త తాగొచ్చి కొట్టేవాడు. నాకు 28 ఏళ్ళు, ఏం చెప్పాలో తెలియక "ప్రభువు కూడా మోశాడు కదా తల్లీ, నీ సిలువ నువ్వు మోసుకో" అని పంపించేశాను. మూడు వారాలకు చెయ్యి విరిగి వచ్చింది. కట్టు కడుతున్నంతసేపూ ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. ఇంకొకడి దౌర్జన్యాన్ని సిలువ అని పేరుపెట్టి బాధితురాలి భుజం మీద పెట్టడం పాపం, నేను చేశాను. ఆ పనికి సిలువ మోసేవాడి వేషం సరిపోదు, మేకులు కొట్టేవాడి వేషమే సరిపోతుంది. సిలువ మార్గంలో ఐదో స్థలంలో సీమోను ఏం చేశాడు? మోసుకోమని దారి పక్కన నిలబడి చెప్పలేదు, ఇష్టం లేకపోయినా భుజం పెట్టాడు. ఆరో స్థలంలో వెరోనిక ముఖం తుడిచింది. మిషనరీ నిలబడాల్సిన చోట్లు ఆ రెండూ. ఆ తర్వాత చెయ్యి విరిగి వచ్చిన ఆమెను నేను పుట్టింటికి పంపించగలిగాను, పంచాయితీలో పక్కన కూర్చున్నాను, భర్త తరఫువాళ్ళు మా డిస్పెన్సరీకి రావడం మానేశారు, రాళ్ళు కూడా వేశారు. ఆ రాళ్ళు సిలువ. తేడా కనిపిస్తోందా బాబూ?

సిలువని జెండాలా మోసినవాళ్ళూ చరిత్రలో ఉన్నారు, పోర్చుగీసు ఓడల తెరచాపల మీద ఎర్ర సిలువలు ఉండేవి, ఆ ఓడల్లో ఫిరంగులూ ఉండేవి. దాన్ని నేను సమర్థించను. బలవంతం చేసిగానీ ఆశపెట్టిగానీ ఎవర్నీ విశ్వాసంలోకి తేకూడదని 1965లో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచంలోని క్యాథలిక్ బిషప్పుల సమావేశం) మిషన్ పని మీద ఇచ్చిన పత్రంలోనే నిషేధించింది. నా సిలువ గురించి అడిగిన ఆ ముసలాయన హిందువుగానే చనిపోయాడు. ఆఖరి మూడు రాత్రులు మేం వంతులవారీగా పక్కన కూర్చున్నాం, ఆయన అడిగితే నాకు వచ్చిన రెండు రామకీర్తనలు పాడాను. నా సిలువ నా మెడలోనే ఉంది అప్పుడు.

మదర్ తెరెసా గారి సిస్టర్స్ మఠాలకు ఎప్పుడైనా వెళ్తే ప్రార్థన గదిలో చూడు. ప్రపంచంలో ఎక్కడైనా సరే, సిలువ పక్కన గోడ మీద "నాకు దాహమగుచున్నది" అనే ప్రభువు మాట ఉంటుంది. సిలువ మీదున్నవాడు నీళ్ళు అడుగుతున్నాడు. కాబట్టి బయటికి వెళ్ళి ఎవరికి దాహంగా ఉందో చూడాలి. సేవకీ సిలువకీ సంబంధం ఏమిటన్నావు కదా, వాళ్ళ గోడ మీద ఒక్క మాటలో ఉంది.

ఇక మీ అమ్మగారికి పనికొచ్చే సంగతులు. ఈ దారిలో ఎవర్నీ ఒక్కరోజులో కట్టిపడేయరు. మొదట ఒకటి రెండేళ్ళు పరిచయం, ఆ తర్వాత నోవిషియేట్ (మాటపట్టుకు ముందు శిక్షణ కాలం) కనీసం 12 నెలలు, అందులో ఏ రోజు కావాలంటే ఆ రోజు ఇంటికి రావచ్చు. తర్వాత తాత్కాలిక మాటపట్టు మూడేళ్ళకు తక్కువ కాకుండా, మామూలుగా ఆరేళ్ళ వరకు, గడువు అయిపోయాక కొనసాగకపోతే ఎవరూ ఆపలేరు. ఇవన్నీ దాటాకే నిత్య మాటపట్టు. మధ్యలో తిరిగివచ్చిన అమ్మాయిని ఊళ్ళో ఏదో తప్పు చేసినట్టు చూస్తారు, అది మన దగ్గరున్న చెడ్డ అలవాటు. మీ చెల్లి వెళ్ళేముందే "నీకు సరిపడకపోతే తిరిగి రా, గదిలో నీ మంచం అలాగే ఉంటుంది" అని మీరిద్దరూ నోటితో చెప్పండి. మా అమ్మ నాతో అలా అంది. ఆ మాట ఉంది కాబట్టే నేను ఉండిపోగలిగానని అనుకుంటాను, గతిలేక ఉన్నానన్న భావం ఎప్పుడూ రాలేదు.

చేరాలనుకుంటున్న మఠానికి ముందు మీరు ముగ్గురూ వెళ్ళిరండి. పార్లర్‌లో కూర్చుని కాఫీ తాగి వచ్చేయకండి. వంటగది చూడమను అమ్మని, జబ్బుపడ్డ ముసలి సిస్టర్స్ ఏ గదిలో ఉన్నారో అడిగి వెళ్ళి పలకరించమను. వాళ్ళ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయా, మంచం పక్కన మంచినీళ్ళున్నాయా, కుర్ర సిస్టర్స్ ఆ గదిలోకి వస్తున్నప్పుడు ముఖాలు ఎలా ఉన్నాయి, ఇవి చూస్తే చాలు. అక్కడ పనిచేసే ఆయమ్మలకు జీతం సరిగ్గా ఇస్తున్నారో లేదో కూడా అడగమను. సిలువ గురించి ఎంత బాగా మాట్లాడినా ఆ గదిలో నిర్లక్ష్యం కనిపిస్తే వేరే సభ చూసుకోండి, మొహమాటపడక్కర్లేదు.

ఇంకో మాట, మీ అమ్మగారు ఏడవడం తప్పని చెప్పకు, ఎవర్నీ చెప్పనివ్వకు. సిలువ కింద మరియమాత నిలబడి ఉంది, కొడుకుని దిగి రమ్మని అడగలేదు, ఏడవలేదని మాత్రం ఎవరూ అనలేరు. నేను వెళ్ళిన రోజు మా అమ్మ బస్టాండులో ఆవకాయ జాడీ నా చేతిలో పెట్టి, బస్సు కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు. మీ చెల్లి ఏ సభలో చేరాలనుకుంటోందో, నర్సింగ్ వైపా, బడి వైపా, ఎటు మనసుందో రాయి. ఆ పనిలో రోజు ఎలా గడుస్తుందో, ఎన్నింటికి లేవాలి దగ్గర్నుంచి, విడిగా రాస్తాను.